మరల కళాశాలకు పోవు ఆడబిడ్డ: పంచాయతీ చేయదగిన పని

గ్రామ పంచాయతీ సమావేశమునకు వచ్చు విషయములు మనకందరకు తెలిసినవే. మంచినీటి బోరు, వీధిదీపములు, మురుగుకాలువలు, పన్నుల వసూలు. వికలాంగురాలైన ఒక ఆడబిడ్డ మధ్యలో నిలిచిపోయిన చదువును కొనసాగించుటకై మరల కళాశాలకు పోవ నిశ్చయించినదను విషయము ఏ సమావేశమునను చర్చకు రాదు. అది ఆ ఇంటివారి స్వంత వ్యవహారమని తలంతుము. ఆ తలంపు సగము మాత్రమే సరియైనది. పోవలెనా మానవలెనా అను నిర్ణయము ఆ బిడ్డది. ఆమె వెంట నిలుచుట తల్లిదండ్రుల పని. కాని ఇంటి గడప మొదలు కళాశాల గదివరకు గల దారిలో చాలభాగము ఊరిది. వీధి ఊరిది; కాలువపై కప్పిన బండ ఊరిది; బస్సు ఆగుచోటు ఊరిది; అరుగులమీద కూర్చుండి ఆడు మాటయు ఊరిదే. అందుచేత ఈ పాఠము పంచాయతీ సభ్యులనుద్దేశించి వ్రాయబడినది.

ఉదాహరణమునకు బత్తలపల్లె ప్రాంతమును తీసికొందము. అనంతపురమునుండి కదిరికి పోవు మార్గముననున్న ఈ మండలము పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను నేల మారలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదనుకు రానిది, ఎఱ్ఱనేల, వేరుశెనగ పంట. ఇటువంటి ఊరిలో నాలుగైదెకరముల మెట్టభూమి గల ఒక రైతు కుటుంబమున్నదని ఊహింతము. పెద్దకుమార్తెకు చిన్ననాటనుండి ఎడమకాలిలో సత్తువ లేదు, ఊతకర్రతో నడచును. ధర్మవరములో డిగ్రీ మొదటి సంవత్సరము పూర్తిచేసి, రెండవ సంవత్సరము సగములో మానివేసినది. రెండేండ్లు ఇంట కూర్చుండినది. ఇప్పుడు మరల చదివెదనని పట్టుబట్టినది.

ఎందులకు మానినదని ఊరిలో ఎవరినడిగినను “కాలు బాగాలేక మానినది” అని చెప్పుదురు. సభ్యులు ఇచ్చట ఒక్కక్షణ మాగి ఆలోచింపవలెను. మొదటి సంవత్సరము చదివిననాడును ఆమెకు ఆ కాలే యున్నది గదా! మారినది కాలు కాదు. ఆ యేడు కాలికి శస్త్రచికిత్స జరిగి రెండుమాసములు మంచముపై నుండుటచే హాజరు తగ్గినది. అదే యేట వాన తప్పి, వేరుశెనగ పెట్టుబడికూడ తిరిగిరాక, తల్లిదండ్రులు కూలికై బెంగుళూరు పోయిరి. ఉదయము బస్సువరకు ఆమె సంచిని మోసికొనివచ్చు తమ్ముడును వారితో పోయినాడు. ఇంట అవ్వయు, ఈ బిడ్డయు మిగిలిరి. అంతలో వీధిలో సిమెంటు రోడ్డు వేయగా రోడ్డు ఇంటిగడపకంటె జానెడు ఎత్తైనది. వాన కురిసినప్పుడెల్ల వాకిట నీరు నిలిచి ఊతకర్ర జారసాగినది. ఇన్ని కారణములు కలిసి ఆమె చదువును ఆపినవి. వీనిలో కాలు ఒక్కటియే మనము మార్పలేనిది. తక్కినవన్నియు ఎవరో ఒకరు సరిచేయగలవియే.

ఈ బిడ్డ మనమూహించినదే యైనను, ఇట్లు నిలిచిపోయిన చదువులు ప్రతి మండలమునను కలవు. మానిన విద్యార్థిని కాలినో కన్నునో కారణముగా వ్రాసికొని, తక్కిన కారణములను వదలివేయుట మనకందరకు అలవాటైపోయినది.

చట్టము విషయములో నేడు కొదవలేదు. 1995లో చేయబడిన వికలాంగుల చట్టము స్థానమున వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనున్నది. మునుపు ఏడు విధములైన వైకల్యములనే గుర్తింపగా, ఇందులో ఇరువదియొక్కటి గుర్తించిరి. ప్రభుత్వ కళాశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలోను నూటికి ఐదుకు తక్కువకాకుండ సీట్లు నలువదిశాతము లేక అంతకు మించిన వైకల్యము గలవారికి కేటాయింపవలెను. ప్రవేశమునకు గరిష్ఠ వయసులో ఐదేండ్ల సడలింపు ఈయవలెను. మధ్యలో కొన్నియేండ్లు పోగొట్టుకొన్న బిడ్డకు ఈ వయస్సడలింపు మిక్కిలి అవసరమైనది. భవనములును, పరిసరములును అందరు రాకపోకలు చేయుటకు అనువుగా నుండవలెనని, ఆయా విద్యార్థికి కావలసిన తగు మార్పులు చేయవలెనని కూడ చట్టము విద్యాసంస్థలను ఆదేశించుచున్నది.

ఐనను చట్టము కళాశాల తలుపు తెరువగలదు గాని, ఆ తలుపువరకు ఎవరిని తీసికొనిపోజాలదు. ఒక్కొకప్పుడు తలుపు తెరచుటకుకూడ పోరాడవలసివచ్చును. మచిలీపట్టణము దగ్గరి సీతారామపురములో రైతుకుటుంబమున పుట్టిన బొల్లా శ్రీకాంత్ పుట్టుకతో అంధుడు. పదవతరగతిలో నూటికి తొంబదికి పైగా మార్కులు వచ్చినను, అంధులకు ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రములు చదువు వీలులేదని అధికారులు త్రోసిపుచ్చిరి. అతడు న్యాయస్థానమునకు పోయి అనుమతి సంపాదించి, 98 శాతము మార్కులతో ఉత్తీర్ణుడై, అమెరికాలోని ఎం.ఐ.టి. యను ప్రసిద్ధ విద్యాసంస్థలో చదివి, తిరిగివచ్చి హైదరాబాదులో 2012లో పరిశ్రమ స్థాపించినాడు. ఆతని కథ ఇప్పుడు సినిమాగా కూడ వచ్చినది. అది చూచి చప్పట్లు కొట్టుటలో తప్పులేదు. కాని ప్రతి బిడ్డయు కోర్టుకు పోయి గెలువవలెనని కోరుట న్యాయము కాదు. అసాధారణులు కానివారుకూడ డిగ్రీ చదువగలిగినప్పుడే చట్టము ఊరికి చేరినదని చెప్పవలెను.

ఊరి పాలకసంఘమునకు దీనితో సంబంధమేమను సందేహమునకు అమెరికాలోని ఒక పట్టణమున జరిగిన పని సమాధానము చెప్పగలదు. ఎడ్ రాబర్ట్స్ అను బాలునికి 1953లో, పదునాలుగవ యేట, పోలియో సోకి మెడ క్రిందిభాగము చాలవరకు చచ్చుబడినది. రాత్రులందు ఊపిరియంత్రములో పండుకొనవలసినవాడు. ఉన్నతపాఠశాల చదువు ముగించినను, వ్యాయామమును, మోటారు నడుపుటయు నేర్వలేదను కారణమున యోగ్యతాపత్రము ఈయమనిరి. అతని తల్లి జోనా పాఠశాల పాలకవర్గము వరకు పోయి వాదించి దానిని ఇప్పించినది. 1962లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము అతనిని చేర్చుకొన్నది. వసతిగృహములో ఊపిరియంత్రము పట్టక, విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలోనే గది యిచ్చిరి. అతని తరువాత మరికొందరు వికలాంగ విద్యార్థులు వచ్చిరి. వారి చక్రముల కుర్చీలు తరగతిగదికి పోగలిగెను గాని, వీధి దాటునప్పుడు కాలిబాట అంచువద్ద నిలిచిపోయెడివి. అప్పుడు విద్యార్థులు పట్టణ పాలకసంఘము నాశ్రయించిరి. 1970 దశకపు తొలి సంవత్సరములలో ఆ సంఘము కాలిబాటల అంచులను చెక్కించి వాలుదారులు వేయించినది. చక్రముల కుర్చీలవారికొరకు వేసిన ఆ వాలులమీద పసిబిడ్డల బండ్లను త్రోయు తల్లులును, మూటలు మోయు కూలీలును, వృద్ధులును నడువసాగిరి. రాబర్ట్స్ పనిచేయజాలడని ఒకనాడు తీర్మానించిన పునరావాసశాఖకే 1975లో అతడు అధిపతిగా నియమింపబడినాడు. విశ్వవిద్యాలయము సీటిచ్చినది, తల్లి పోరాడినది; వీధిని సరిచేసినది మాత్రము మన పంచాయతీవంటి సంఘమే.

బత్తలపల్లెవారికి ఈ మాట మరింత సులభముగా బోధపడును. 1969లో అనంతపురము వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారి పెద్ద ఆసుపత్రి 2000 సంవత్సరమునుండి ఇచ్చట కలదు. దూరపు గ్రామములనుండి ఊతకర్రలతో, కట్టులతో, మనుమల భుజములు పట్టుకొని వచ్చువారిని ఈ ఊరి బస్సుస్టాపు ప్రతిదినమును చూచుచున్నది. మన బిడ్డకొరకు ఆ స్టాపువద్ద చేయు సదుపాయము వారందరకును ఉపకరించును. ఖర్చు ఒక్క అమ్మాయికొరకా అని సమావేశమున ఎవరైన అడిగినచో ఈ సంగతి జ్ఞాపకము చేయవచ్చును.

ఇక పనికి వత్తము. పంచాయతీ మొదట చేయవలసినది డబ్బు ఖర్చు లేనిది. ఒకనాటి ఉదయము, కళాశాలకు బయలుదేరు వేళకు, ఒక సభ్యుడో సభ్యురాలో ఆ బిడ్డ యింటికి పోయి, ఆమెతో కలిసి బస్సుస్టాపువరకు నడువవలెను. ఆమె వెనుకనే, ఆమె వేగముతోనే నడువవలెను. ఎచ్చట ఆగినది, ఎచ్చట ఊతకర్రను రెండుమారులు వేసి చూచుకొన్నది, ఎచ్చట వీధి మధ్యకు దిగవలసివచ్చినది అని గమనించి చిన్న పుస్తకములో వ్రాసికొనవలెను. ఏ ఇంజనీరు అంచనాకంటెను ఇది ఎక్కువ తెలుపును. మురుగుకాలువపై పరచిన కడప బండల నడుమ రెండంగుళముల సందు మనకు లెక్కకురాదు. ఊతకర్ర కొన అందులో దిగబడినచో మనిషి బోర్ల పడును. ఆ సందును సిమెంటుతో పూడ్చుటకు ఒక మేస్త్రీకి పూటపని చాలును. ఎవరో ఇల్లు కట్టుకొనుటకు వీధిలో పోసిన ఇసుకకుప్ప ఆరుమాసములైనను కదలకుండుట మన గ్రామములలో మామూలు. దానిని తీయించుట పంచాయతీ అధికారములోనిదే. శీతకాలమున సాయంత్రపు బస్సు దిగునప్పటికి చీకటిపడును. స్టాపునుండి ఆమె యింటివరకు గల వీధిదీపములు వెలుగుచున్నవా అనునది ఆడబిడ్డల విషయమున చిన్న ప్రశ్న కాదు.

వాలుదారి విషయము కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఏలనన, పంచాయతీ కార్యాలయములకు, సచివాలయములకు, పాఠశాలలకు వాలుదారులు వేసిన చోట్ల పెక్కు పనికిరానివిగా నున్నవి. మెట్ల ప్రక్కన మిగిలిన కొద్దిచోటులో నిట్టనిలువుగా సిమెంటు పోసి, బిల్లు వ్రాసికొని పోవుదురు. అట్టి వాలుపై చక్రముల కుర్చీ ఎక్కదు. ఎక్కినచో వెనుకకు దొర్లును. వాలు ఒకటికి పండ్రెండు పాళ్లుండవలెను. అనగా, గచ్చు ఒక అడుగు ఎత్తుగలదైనచో వాలు పండ్రెండడుగుల పొడవు. అడుగున్నర ఎత్తైనచో పదునెనిమిది అడుగులు. వెడల్పు నాలుగడుగులు. రెండు ప్రక్కల పట్టుకొనుటకు కమ్ములు. స్థలము చాలనిచో మధ్యలో సమతలముగా కొంత విడిచి మలుపు త్రిప్పవచ్చును. అందముకొరకు నున్నని గ్రానైటు గాని, టైల్సు గాని పరవరాదు. వానచినుకు పడగానే అది నూనెపూసినట్లగును. గరుకుగా గీతలు గీసిన సిమెంటే మేలు. పని అప్పగించుటకు ముందే ఈ కొలతలను తీర్మానములో వ్రాయించుకొన్నచో పిమ్మట వివాదముండదు.

ఇంకొక సంగతి. వాలుదారి అందరకు మంచిదని మనమే నిర్ణయింపరాదు. ఊతకర్రలతో నడచువారిలో కొందరికి పొడవైన వాలుకంటె, పొట్టి మెట్లు, గట్టి కమ్మి ఉన్నచో సులభము. చూపులేని బిడ్డకు వాలుతో పనిలేదు. ఆమెకు వీధిలో అడ్డములు లేకుండుట, బస్సు పేరు ఎవరైన పైకి చదివి చెప్పుట ముఖ్యము. వినికిడి లేని బిడ్డకు ఈ రెండును అక్కరలేదు. తరగతిలో ముందువరుస స్థానము, తోటివిద్యార్థిని నోట్సు, ఉపాధ్యాయుడు గోడవైపుగాక ఆమెవైపు తిరిగి మాటలాడుట కావలెను. కావున ఏమి కావలెనో ఆమెనే అడుగవలెను. తండ్రినడిగి, తల్లినడిగి, అన్ననడిగి వచ్చుట మనకు పరిపాటి. ఆమెకు నోరున్నది, చదువుకొన్నది, తన కష్టము తనకు తెలియును.

బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకము క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మున్నగు ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పింపబడినది. ధర్మవరమునకు గాని, అనంతపురములోని కె.ఎస్.ఎన్. ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలకు గాని పోవు బిడ్డకు దీనివలన ఛార్జీల భారము తీరినది. తోడుపోవు తల్లికిని టిక్కెట్టు లేదు. ఇది గొప్ప మేలు. కాని మన బిడ్డకు ఛార్జీకంటె బస్సు మొదటిమెట్టు పెద్ద అడ్డంకి. అది మోకాలియెత్తున నుండును. డ్రైవరు రోడ్డు నడుమ ఆపినచో ఇంకను ఎత్తగును. ఉచితమైన పిదప రద్దీ పెరిగిన మాటయు నిజమే. ఇందుకు చేయదగినది రెండు విధములు. స్టాపువద్ద రోడ్డంచున అడుగుయెత్తు తిన్నె ఒకటి గట్టిగా కట్టించినచో మొదటిమెట్టు దూరము తగ్గును. బస్సు ఆ తిన్నెనానుకొని ఆగునట్లును, ఆమె ఎక్కి కూర్చుండువరకు కదలకుండునట్లును డిపో మేనేజరుకు పంచాయతీ తరఫున లేఖ వ్రాయవలెను. ఒంటరి తండ్రి పోయి అడిగినదానికిని, సర్పంచి సంతకముతో ముద్రవేసి పోయిన కాగితమునకును భేదమెంతయో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. డ్రైవర్లు, కండక్టర్లు మారుచుందురు. కనుక ఆరునెలల కొకసారి ఆ లేఖను మరల పంపుట మంచిది.

కాగితముల పని ఇంతకంటె విసుగైనది, కాని తప్పనిది. వైకల్య ధ్రువపత్రమును మన రాష్ట్రమున సదరం శిబిరములలో వైద్యులు పరీక్షించి ఇచ్చుచున్నారు. 2021 జూన్ 1 నుండి ఈ పత్రములు యు.డి.ఐ.డి. యను దేశవ్యాప్తమైన కంప్యూటరు ఏర్పాటు ద్వారా జారియగుచున్నవి. కొన్ని పత్రములు శాశ్వతములు, కొన్ని నియమిత కాలమునకే చెల్లునవి. రెండేండ్లు ఇంట కూర్చున్న బిడ్డ పత్రము ఆలోపల గడువుతీరిపోయి యుండవచ్చును. కళాశాల తెరచిన పిదప ఈ సంగతి బయటపడినచో, శిబిరమునకు తేదీ దొరకునప్పటికి దరఖాస్తు గడువు దాటిపోవును. కావున వేసవిలోనే చూచుకొనవలెను. రెండవది, ఆధార్‌లోను, పదవతరగతి మార్కుల పత్రములోను, వైకల్య ధ్రువపత్రములోను పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఒకే తీరున నుండవలెను. ఒక అక్షరము తేడాతో ఉపకారవేతనము ఆగిపోయిన సందర్భములు పెక్కు. బత్తలపల్లెవారు మరియొకటి గుర్తుంచుకొనవలెను: కళాశాల అనంతపురములో నున్నను, మన మండలపు జిల్లా కార్యాలయములు 2022నుండి పుట్టపర్తిలో నున్నవి. పాత అలవాటుచొప్పున అనంతపురము పోయి ఒకదినపు కూలి పోగొట్టుకొని తిరిగివచ్చుట ఈ బిడ్డ తల్లిదండ్రుల కేల?

కుటుంబ వార్షికాదాయము రెండున్నర లక్షల రూపాయలకు మించని వికలాంగ విద్యార్థులకు పదవతరగతి పైచదువులకు కేంద్రప్రభుత్వ ఉపకారవేతనము కలదు. జాతీయ ఉపకారవేతనముల పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయవలెను. గ్రామ సచివాలయములోని విద్య, సంక్షేమ సహాయకుడు ఈ పని తెలిసినవాడు. నడువలేని విద్యార్థులకు మూడుచక్రముల మోటారుబండ్ల నిచ్చుటకు వికలాంగుల సహాయసంస్థ అప్పుడప్పుడు ప్రకటనలు చేయుచుండును. దానికి కోరు వైకల్యశాతము ఎక్కువ. ప్రకటన వచ్చినదని ఆ యింటికి తెలియజేయుటయే సభ్యుని పని. ఊతకర్రలు, కాలిపేర్లు, వినికిడి యంత్రములు మున్నగువానికి 1981 నుండి కేంద్రప్రభుత్వ పథకము నడచుచున్నది. వీనిలో అతిచిన్న వస్తువు ఊతకర్ర క్రింది రబ్బరుతొడుగు. అది అరిగినచో కొత్తది వేయుటకు కొద్ది రూపాయలే యగును. అరిగినదానితో జారిపడి మరల మంచమెక్కిన, మరల చదువు నిలుచును.

ఇక పింఛను. 2024 జూలై నుండి మన రాష్ట్రమున వికలాంగుల పింఛను నెలకు ఆరువేల రూపాయలైనది. కరవు యేట అది ఆ యింటికి ఏకైక నిశ్చితాదాయము. అవ్వ మందులు, తమ్ముని ఫీజు, అప్పుపై వడ్డీ యన్నియు అందులోనుండియే పోవును. దీనిని తప్పనలేము, ఆకలిగొన్న యింట సొమ్ముకు పేరు వ్రాసియుండదు. ఐనను ఆ సొమ్ము వచ్చుట ఆమె పేరుతో గదా! స్టాపువరకు ఆటోకైనను, పుస్తకములకైనను అందులో కొంతభాగము ఆమె చేతికీయవలెనని తల్లిదండ్రులతో నెమ్మదిగా మాటలాడగల పెద్దమనిషి ఊరిలో ఒకరుండవలెను. చదువుకు పోయినచో పింఛను తీసివేయుదురని వదంతి యొకటి కలదు. అది వైకల్యమునుబట్టి ఇచ్చునది. చదువుచున్నదను కారణమున ఆగదు. హాస్టలులో నుండి చదువుకొనునట్లైనచో సొమ్ము బ్యాంకు ఖాతాలో జమయగు వీలును గూర్చి సచివాలయమున విచారింపవలెను.

ఊరి మాటను గూర్చి కూడ కొంత చెప్పవలెను. ప్రభుత్వము వారు వికలాంగులనిరి, పిమ్మట దివ్యాంగులనిరి, విభిన్న ప్రతిభావంతులనిరి. మన వీధులలో మాత్రము ఇంకను కుంటిది, గుడ్డిది, మూగది అనియే పేరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటున్నది. దానితో పిలుచుటకు ఏ ఉత్తరువును అవసరములేదు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామములో కూలి కుటుంబమున పుట్టిన జీవాంజి దీప్తికి బుద్ధివికాసమున లోపము. పుట్టినప్పటి రూపమును చూచి ఊరివారు ఎగతాళి చేసిరి. అనాథాశ్రమమున విడువుమని తల్లికి సలహా చెప్పినవారును కలరు. ఉన్న కొద్దిపాటి భూమిని ఆ తల్లిదండ్రులు అమ్ముకొనవలసివచ్చినది గాని, బిడ్డను విడువలేదు. ఆమె 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగున కంచుపతకము గెలిచినది. ఇప్పుడు ఊరంతయు ఆమెను మాబిడ్డ అనును. పతకము రాకున్నను ఆమె ఆ ఊరిబిడ్డయే గదా యని అడుగబుద్ధియగును.

మన ప్రాంతమున మాట ఎగతాళిరూపముననే రాదు, జాలిరూపమునను వచ్చును. “ఇంత కష్టపడి ఎందుకు పాపా, ఇంటనే కూర్చుండి దూరవిద్య చదువరాదా?” అందురు. 1982లోనే మన రాష్ట్రమున దేశములోకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. దానివలన లక్షలమంది బాగుపడిరి. ఆమెయే కోరినచో అది మంచి మార్గము. కాని ఆమె కళాశాలను కోరుచున్నది. కళాశాలయనగా పాఠములే కావు. స్నేహితురాండ్రు, గ్రంథాలయము, ప్రయోగశాల, ఊరు దాటిన లోకము. కాలు బాగున్న బిడ్డను ఇంటనే చదువుమని మనము చెప్పుటలేదు. మరికొందరు తండ్రితో, “ఆ డబ్బు పెట్టి పెండ్లి చేయరాదా?” అందురు. ఇది హితముగా తోచును గాని, చేతిలో చదువు, ఉద్యోగము లేని వికలాంగ స్త్రీ అత్తవారింట ఎట్టిమాట పడవలసివచ్చునో పంచాయతీలు చేసినవారికే బాగుగా తెలియును. ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు స్థానములు వికలాంగులకు కేటాయింపబడినవి. ఆ పరీక్షలలో పెక్కింటికి డిగ్రీ కావలెను.

ఇంటివారికి ఒక సూచన. భయముచే తల్లి అన్నియు తానే చేయబూనును. సంచి సర్దును, బస్సెక్కించును, తరగతివరకు పోయి సాయంత్రమువరకు చెట్టుక్రింద కూర్చుండును. మొదటి వారము దినములు ఇది మంచిదే. పిమ్మట తల్లి కూలి పోవును, బిడ్డ ధైర్యమును పోవును. తల్లికి జ్వరమొచ్చిననాడు చదువు ఆగును. అదే దారిలో పోవు ఇద్దరు ముగ్గురు విద్యార్థినులు ఊరిలో ఉందురు. వారితో కలసి పోవు ఏర్పాటు చేసి, తల్లి క్రమముగా వెనుకకు తగ్గవలెను. ఒకరోజు బస్సు తప్పినను, ఆలస్యమైనను, ఆమెయే ఫోనుచేసి చక్కబెట్టుకొననీయవలెను.

కళాశాలలో మరల చేరుట క్రొత్తగా చేరుటవంటిది కాదు. హాజరు చాలక మానిన విద్యార్థిని ఏ సెమిస్టరులో ఆగినదో అందులోనే పునఃప్రవేశము కోరుచు ప్రిన్సిపాలుకు దరఖాస్తు ఈయవలెను. ఆసుపత్రి కాగితములు జతపరుపవలెను. తొందరపడి టి.సి. తీసికొనియుండనిచో పని సులభము. పాఠ్యక్రమము మారినదేమో విచారించుట ముఖ్యము: ఈ రాష్ట్రమున 2023-24 నుండి డిగ్రీలో మూడు ప్రధాన విషయములకు బదులు ఒకే ప్రధాన విషయము గల పద్ధతి వచ్చినది. అంతకుముందు చేరి ఆగిన బిడ్డకు, ఆమె పూర్తిచేసిన పాఠములలో ఏవి చెల్లును, ఏవి మరల వ్రాయవలెను అని లిఖితపూర్వకముగా తెలిసికొనవలెను. అదే సందర్భమున తరగతి క్రిందిఅంతస్తులో నుండునట్లును, మరుగుదొడ్డి తలుపు వెలుపలికి తెరచుకొనునట్లును కోరవచ్చును. మరుగుదొడ్డి అనువుగా లేక ఉదయమునుండి సాయంత్రమువరకు నీరు త్రాగకుండ ఉండు ఆడబిడ్డలు కలరు. ఇది సభలలో చెప్పుటకు సిగ్గుపడు విషయము. మహిళాసభ్యులు ప్రిన్సిపాలును కలిసినచో సులభముగా తీరును.

పరీక్షలలో గంటకు ఇరువది నిమిషముల అధికకాలమును, చేతితో వ్రాయలేనివారికిని చూపులేనివారికిని వ్రాతసహాయకుని పొందు సదుపాయమును కలవు. నలువదిశాతమునకు తక్కువ వైకల్యమున్నను, వ్రాయుటలో నిజమైన ఇబ్బంది యున్నచో సహాయకుని నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో తీర్పు చెప్పినది. ఈ సదుపాయము పరీక్షనాడు అడిగిన దొరకదు; దరఖాస్తు ముందుగనే ఈయవలెను. వ్రాతసహాయకులుగా పోగల విద్యావంతులైన యువతీయువకుల పేర్లు గ్రామ గ్రంథాలయమున ఒక చీటీలో వ్రాసియుంచినచో, మండలములోని ఏ బిడ్డకైనను పనికివచ్చును.

కళాశాలలు వేసవి ముగియగనే తెరచెదరు. గ్రామసభ ఏప్రిల్ 14న కూడును. ఈ నడుమ రెండునెలల వ్యవధి కలదు. కాలువబండలు, తిన్నె, వీధిదీపములు మూడును ఆ గ్రామసభలో గ్రామాభివృద్ధి ప్రణాళికక్రింద చేర్చి, డిపోకు వ్రాయు లేఖను అదేదినమున తీర్మానించి, ఆమెను సభకు పిలిచి తీర్మానమును ఆమెకు చదివి వినిపింపవలెను. సభ జరుగు కార్యాలయపు మెట్లెక్కుటకు ఆమెకు వీలులేనిచో సభను ఆనాడు క్రింద చెట్టునీడను జరుపవచ్చును.